వోటరు మనసుకు తూకపురాళ్ళు

ఒక దేశమునకు ప్రధానమంత్రి యగుట నేటి విద్యార్థికి కష్టము కాదు. కంప్యూటరు ముందు కూర్చుండి పన్నులు పెంచవచ్చును; పింఛనులు తగ్గించవచ్చును; కర్మాగారములకు రాయితీలు ఈయవచ్చును. కొంతసేపటికి ఎన్నిక వచ్చును. తెరమీది ప్రజలు వోటు వేయుదురు. గెలిచినచో పాలన సాగించవచ్చును, ఓడినచో మరల మొదటినుండి ఆరంభింపవచ్చును. ఇట్టి రాజకీయ క్రీడలు ఇరువది యేండ్లకు పైగా లోకమున ప్రచారములో ఉన్నవి.

ఇవి పిల్లల వినోదములే గదా యని తోసివేయుట న్యాయము కాదు. వోటు వేయు బొమ్మను చేయదలచినవాడు ముందుగా కొన్ని ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనవలెను. వోటరు దేనిని కోరును? కోరినవానిలో దేనికి ఎంత విలువ ఇచ్చును? ఏ నమ్మకమును బట్టి ఒక పక్షమును తనదిగా భావించును? పౌరశాస్త్ర గ్రంథము ఈ ప్రశ్నలను తాకియు తాకకయు సాగిపోవచ్చును. ఆటను నిర్మించువానికి ఆ వెసులుబాటు లేదు. అతడు ప్రతిదానికి ఒక అంకె వేసి తీరవలెను. ఆ అంకెలు ఎట్లు వేయబడుచున్నవి? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల వోటరును ఆ త్రాసులో ఉంచినచో ఏమగును? ఈ రెండు విషయములను పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

ఆటలోని ప్రజలు

ఇంగ్లండునకు చెందిన పాజిటెక్ సంస్థ 2005లో 'డెమోక్రసీ' అను ఆటను వెలువరించెను. దాని కర్త క్లిఫ్ హారిస్. దాని నాలుగవ రూపము 2022లో పూర్తి అయ్యెను. ఈ ఆటలోని వోటరు ఒకే వర్గమునకు కట్టుబడినవాడు కాడు. ఒకే మనిషి రైతు కావచ్చును, తండ్రి కావచ్చును, దైవభక్తుడు కావచ్చును, సొంత వాహనము నడుపువాడును కావచ్చును. ఒక్కొక్క వర్గముతో అతని అనుబంధము ఒక్కొక్క మోతాదులో ఉండును. పెట్రోలుపై పన్ను పెంచినచో అతనిలోని వాహనదారుడు కోపించును. పర్యావరణమును ప్రేమించు భాగము సంతోషించును. ఇట్టి కూడికలు, తీసివేతలు అన్నియు ముగిసిన పిమ్మట మిగిలిన ఫలమే అతని వోటు.

ఆ ఆటలో మరియొక మెచ్చదగిన గుణము కలదు. ఒక్కొక్క ఎత్తు మూడు నెలల కాలమునకు సమానము. నేడు చేసిన నిర్ణయము రేపే ఫలింపదు. కొన్నింటి ఫలము కనబడుటకు అనేకమైన ఎత్తులు పట్టును. పాలకుడు విత్తనము చల్లిన తరువాత పంట వచ్చులోపల ఎన్నిక వచ్చిపడవచ్చును.

అమెరికాలో 2004లో వెలువడిన 'ది పొలిటికల్ మెషీన్' అను ఆట అధ్యక్ష ఎన్నికను అనుకరించును. అందులో ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క సమస్యల పట్టిక, ప్రతి సమస్యకు ప్రాధాన్యపు అంకె ఉండును. 2022లో వచ్చిన 'విక్టోరియా 3' అను ఆట పందొమ్మిదవ శతాబ్దపు సమాజమును వృత్తి, మతము, సంస్కృతులను బట్టి విభజించి, భూస్వాములు, కార్మిక సంఘములు, మేధావులు మొదలగు ఎనిమిది ప్రయోజన వర్గములుగా కూర్చును. ప్రతి వర్గమునకు కొన్ని సిద్ధాంతములు ముందే అంటగట్టబడి ఉండును. వానిని బట్టి ఏ చట్టము వారికి ఇష్టమో, ఏది అయిష్టమో తేలును.

రూపములు వేరైనను ఈ ఆటలకు ఆధారము మూడే అంశములు. వోటరు ఎవరు అనునది వర్గము. దేనికి ఎంత విలువ ఇచ్చును అనునది ప్రాధాన్యము. ఏ పక్కన నిలుచును అనునది సిద్ధాంతము.

వీధిలో రెండు అంగళ్ళు

ఈ మూడింటిలో సిద్ధాంతమును అంకెలుగా మార్చు పద్ధతి అర్థశాస్త్రమునుండి వచ్చినది. 1929లో హెరాల్డ్ హోటెలింగ్ అను పండితుడు ఒక వీధిలో రెండు అంగళ్ళు ఎచ్చట వెలయును అని ప్రశ్నించెను. వస్తువు ఒకటే, వెల ఒకటే అయినచో కొనువారు దగ్గరి అంగడికి పోవుదురు. అందుచేత రెండు అంగళ్ళును వీధి నడుమకే జరుగును. 1957లో ఆంథొనీ డౌన్స్ ఈ భావమును విస్తరించి ఎన్నికలకు అన్వయించెను. ఎడమ కొసనుండి కుడి కొస వరకు ఒక గీత గీయుడు. వోటర్లు దానిపై తమ తమ తావులలో నిలుచుందురు. పక్షములును నిలుచును. ప్రతి వోటరు తనకు దగ్గరి పక్షమును ఎన్నుకొనును. ఈ గీతయే అనేక క్రీడలలో నేటికిని వెన్నెముక.

అయితే 1963లో డొనాల్డ్ స్టోక్స్ అను రాజనీతి పండితుడు ఈ గీతను గూర్చి ఒక గట్టి సందేహమును లేవనెత్తెను. కొన్ని విషయములలో ప్రజలు రెండు పక్కలుగా చీలుదురు. అచ్చట గీత పనికివచ్చును. కాని కొన్ని విషయములలో కోరిక అందరిది ఒకటే. అవినీతి కావలెనని వాదించు పక్షము లేదు. కరవు రావలెనని కోరు వోటరు లేడు. అట్టి విషయములలో వోటరు అడుగునది 'నీవు ఏ పక్కనున్నావు?' అని కాదు. 'ఈ పని నీవు చేయగలవా? చేసితివా?' అని. ఈ రెండవ ప్రశ్నకు గీతపై తావు లేదు.

మన మూడు జిల్లాలకు ఈ సందేహము మిక్కిలి అవసరమైనది. ఇచ్చట ప్రధానమైన రాజకీయ ప్రశ్న నీరు. నీరు వద్దను పక్షము ఈ సీమలో పుట్టలేదు.

కృష్ణా తుంగభద్రల నడుమ

2016 అక్టోబరు 11వ తేదీన పాత మహబూబ్‌నగర్ జిల్లానుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు జిల్లాలుగా ఏర్పడెను. కృష్ణ ఒక పక్కను, తుంగభద్ర మరియొక పక్కను ప్రవహించుచున్నను ఈ నేల శతాబ్దము పొడవునను వలసలకు పేరుపడినది. ఎత్తున ఉన్న పొలమునకు లోతున ఉన్న నది అందకపోవుటయే దీనికి ఒక ముఖ్య కారణము. కావుననే జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి, పాలమూరు–రంగారెడ్డి అను పథకముల పేర్లు ఇచ్చట ప్రతి ఎన్నికల సభలోను వినబడును.

రాజోలిబండ మళ్ళింపు పథకమునే ఉదాహరణగా తీసికొందము. ఆనకట్ట కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో ఉన్నది. కాలువ మొదట ఆ రాష్ట్రపు పొలములను తడిపి, పిమ్మట ఆలంపూరు సీమకు వచ్చును. మన వైపు ఆయకట్టు 87,500 ఎకరములు. కేటాయించిన నీరు 15.9 టి.ఎం.సి. కాగితముమీద ఆయకట్టు రైతులందరు ఒకటే వర్గము. కాని కాలువ మొదట ఉన్న రైతు అనుభవము వేరు, చివర ఉన్న రైతు అనుభవము వేరు.

దీనిని ఆటలోని లెక్కగా వ్రాసి చూతము. అంకెలు కేవలము ఉదాహరణకే. ఇద్దరు రైతులు నీటికి 6, పంట ధరకు 3, ఊరి బాటకు 1 చొప్పున పది పాళ్ళ విలువను ఒకే తీరున పంచిరి అనుకొందము. ప్రభుత్వము పనికి ఒక్కొక్కదానిలో పదికి ఇన్ని అని మార్కులు వేయుదురు. ధరకు ఇద్దరును 4, బాటకు 5 వేసిరి. నీటికి మాత్రము మొదటి రైతు 8, చివరి రైతు 2 వేసిరి. మొదటివాని మొత్తము 48, 12, 5 కలిసి నూటికి 65. చివరివాని మొత్తము 12, 12, 5 కలిసి 29. వీరి కులము ఒకటే కావచ్చును, సిద్ధాంతము ఒకటే కావచ్చును, ప్రాధాన్యములును ఒకటే. అయినను ఒకరు ప్రభుత్వమును నిలుపుదురు, మరియొకరు దింపుదురు. 'రైతు' అను ఒక్క పేరుతో ఇద్దరిని కట్టివేసిన ఆట ఈ భేదమును చూడజాలదు.

ఇంకొక చిక్కు కలదు. మొదటి రైతునకు నీరు నిలకడగా వచ్చుచున్నచో కొన్నియేండ్లకు నీటిపై చింత తగ్గును. ధరపై చింత పెరుగును. ఇప్పుడు నీటికి 3, ధరకు 6, బాటకు 1 అని విలువలు మారినవనుకొందము. మార్కులు మాత్రము పూర్వము వలెనే ఉన్నవి. అప్పుడు మొత్తము 24, 24, 5 కలిసి 53. ప్రభుత్వము పని ఇసుమంతయు చెడలేదు. అయినను 65 దిగి 53 అయినది. తీరిన కోరిక త్రాసులో తేలిక యగును. ప్రాధాన్యములను స్థిరమైన అంకెలుగా పాతిపెట్టిన ఆటలో ఈ మార్పునకు చోటు ఉండదు.

వనపర్తి చరిత్ర ఈ సందర్భమున ఆలోచింపదగినది. ఆ నియోజకవర్గము 1989లో కాంగ్రెసు అభ్యర్థి చిన్నారెడ్డి గారిని, 1994లో తెలుగుదేశము అభ్యర్థి రావుల చంద్రశేఖరరెడ్డి గారిని, 1999లోను 2004లోను మరల చిన్నారెడ్డి గారిని, 2009లో రావుల గారిని, 2014లో తిరిగి చిన్నారెడ్డి గారిని ఎన్నుకొనెను. 2018లో సింగిరెడ్డి నిరంజన్‌రెడ్డి గారు గెలిచి వ్యవసాయ మంత్రి అయిరి. కాలువల పనులలో వారి శ్రద్ధను బట్టి జనులు వారిని 'నీళ్ళ నిరంజన్‌రెడ్డి' అని పిలిచిరి. అయినను 2023లో వారు కాంగ్రెసు అభ్యర్థి మేఘారెడ్డి గారి చేతిలో ఓడిరి. దీనికి ఒకే కారణము చెప్పుట సాహసము. రాష్ట్రమంతట వీచిన గాలియు అందులో కలదు. నీటి పేరుతోనే ప్రసిద్ధికెక్కిన అభ్యర్థికి సయితము నీరొక్కటే గెలుపును కట్టిపెట్టలేదని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును.

ఇక జాప్యపు లెక్క. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకమునకు 2015 జూన్ 11న శంకుస్థాపన జరిగెను. మొదటి పంపు నార్లాపూరులో 2023 సెప్టెంబరు 16న నడిచెను. కాలువల పని అప్పటికి మిగిలియే ఉండెను. మూడు నెలలకొక ఎత్తు చొప్పున ఇది 33 ఎత్తుల దూరము. ఆ నడుమ 2018లో ఒక శాసనసభ ఎన్నిక జరిగెను. పంపు నడిచిన రెండున్నర నెలలకు, 2023 నవంబరు 30న, మరియొకటి జరిగెను. జాప్యమును లెక్కలోనికి తెచ్చుటలో క్రీడాకర్తలు సత్యమునకు చేరువగా ఉన్నారని ఒప్పుకొనవలెను.

గీతపై నిలువని సిద్ధాంతము

ప్రాధాన్యముల సంగతి అట్లుండగా సిద్ధాంతపు గీతను గద్వాలలో పరీక్షింపవచ్చును. 2004లో డి. కె. అరుణ గారు అచ్చట సమాజ్‌వాదీ పక్షము అభ్యర్థిగా గెలిచిరి. 2009లోను 2014లోను కాంగ్రెసు అభ్యర్థిగా గెలిచిరి. పిమ్మట భారతీయ జనతా పక్షములో చేరి, 2024లో పొరుగుననున్న మహబూబ్‌నగర్ లోక్‌సభ స్థానమునుండి ఎన్నికైరి. డౌన్స్ గీతపై సమాజ్‌వాదీ పక్షము ఒక తావున, కాంగ్రెసు మరియొక తావున ఉండును. 2004కును 2009కిని నడుమ గద్వాల వోటర్లు గీత వెంబడి నడచి పోయిరని ఎవరును అనరు. వారు చూచినది మనిషిని, ఆ కుటుంబముతో తమకు గల పరిచయమును, ఆపదలో తలుపు తట్టగల చోటును.

దీనిని చూచి మన వోటరుకు సిద్ధాంతము లేదని నిందించువారు కలరు. అది తొందరపాటు. 2019లో అమ్రాబాదు అడవులలో యురేనియము వెదకు ప్రయత్నము బయటపడినప్పుడు నల్లమల చెంచులు, రైతులు, విద్యార్థులు, వేరు వేరు పక్షములవారు ఒక్కటై ఎదిరించిరి. ఆ సెప్టెంబరులో శాసనసభ సయితము ఆ త్రవ్వకములకు వ్యతిరేకముగా ఏకగ్రీవ తీర్మానము చేసెను. ఆటలలో పర్యావరణవాది యను వర్గము వేరు, రైతు వేరు, భక్తుడు వేరు. నల్లమలలో అడవి బ్రతుకుతెరువు, దైవస్థానము, నీటి తావు మూడును ఒకటే. చెంచు తన్ను తాను పర్యావరణవాది యనుకొనడు. కాని అడవి విషయమున అతని నిశ్చయము ఏ సిద్ధాంతవాదికిని తీసిపోదు. సిద్ధాంతము ఉన్నది, ఆ గీతపైన లేదు.

స్థలభేదము మరియొకటి. 1989లో నందమూరి తారక రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండి హిందూపురములోను కల్వకుర్తిలోను పోటీచేసిరి. హిందూపురము వారిని గెలిపించెను. కల్వకుర్తి కాంగ్రెసు అభ్యర్థి చిత్తరంజన్‌దాస్ గారిని ఎన్నుకొనెను. మనిషి ఒకడే, సంవత్సరము ఒకటే, పథకములును అవియే. రాష్ట్రమంతటికి ఒకే సగటు వోటరును కల్పించిన లెక్క ఇట్టి తావున తలక్రిందగును.

పట్టికలో లేనివారు

తప్పు అంకె వేసినచో దిద్దవచ్చును. అసలు పట్టికలో వరుసయే లేని మనిషిని ఏమి చేయుట?

పాలమూరు కూలీ అట్టివాడు. గుంపు మేస్త్రీ వద్ద బయానా తీసికొని హైదరాబాదునకో, పూణెకో, బొంబాయికో పోయి గోడలు కట్టు కుటుంబమునకు వోటు ఊరిలో ఉండును, బ్రతుకు మరియొక చోట ఉండును. పోలింగునాడు రావలెనన్న కూలి పోవును, బస్సు ఖర్చు పడును. ఊరిలోని రోడ్డు, పాఠశాల, నీరు ఇవి అతని అనుభవములో ఏడాదికి కొన్ని వారములే. అతని ప్రాధాన్యమును ఏ ఊరి పట్టికలో వ్రాయవలెను?

చదివి ఉద్యోగ ప్రకటన కొరకు ఎదురుచూచు యువకులు మరియొకరు. 2023లో కొల్లాపూరు నియోజకవర్గమున కర్నె శిరీష అను యువతి స్వతంత్ర అభ్యర్థినిగా నిలిచిరి. డిగ్రీ చదివియు బర్రెలు కాచుకొనుచున్నానని చెప్పి 'బర్రెలక్క'గా పేరుపొందిన ఆమెకు ఐదువేల పైచిలుకు వోట్లు వచ్చినవి. గెలుపునకు అది చాలదు. కాని డబ్బు, పక్షము, వంశము ఏదియు లేని అభ్యర్థినికి అన్ని వోట్లు పడుట ఒక వరుస లోపించినదని తెలుపుచున్నది.

వరుస లేకుండుట ఎంతటి అన్యాయమో ఈ సీమకు పూర్వమే తెలియును. తెలంగాణమున కవులు పూజ్యమని ఒకరు వ్రాయగా ఆలంపూరు ప్రాంతపు బిడ్డ సురవరము ప్రతాపరెడ్డి గారు వాదమునకు దిగక, ఊరూరికి అడిగి కవిత్వము తెప్పించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించిరి. కవులు లేకపోలేదు, అడిగినవారు లేకపోయిరి. ఆ ప్రతాపరెడ్డి గారినే 1952 ఎన్నికలలో వనపర్తి హైదరాబాదు శాసనసభకు పంపినది. వోటరు విషయములోను వారి మార్గమే మనకు శరణ్యము: ఊహించుటకు ముందు అడుగవలెను.

ఆట దాటిన పిమ్మట

ఇదంతయు వినోదమునకు సంబంధించినదే అయినచో ఇంత చర్చ అక్కరలేదు. కాని ఇట్టి పట్టికలు ఆటలకంటె ముందే నిజమైన ఎన్నికలలో ప్రవేశించినవి. 1959లో అమెరికాలో సిమ్యుల్‌మాటిక్స్ అను సంస్థ ఏర్పడెను. లక్షకు పైబడిన పౌరులు పాత సర్వేలలో చెప్పిన సమాధానములను కార్డులపై రంధ్రములుగా గ్రుచ్చి, వోటర్లను 480 తరగతులుగా, సమస్యలను 52 గుంపులుగా విభజించి, 1960లో కెనడీ పక్షమునకు సలహాలిచ్చెను. మతము విషయమై దాగుడుమూతలు ఆడక బహిరంగముగా మాట్లాడుట మేలని ఆ యంత్రము చెప్పెను. ఆ సలహా మంచిదే కావచ్చును. అయితే ఆనాటినుండి వోటరు తాను ఎరుగకుండగనే ఎవరి పట్టికలోనో ఒక గడి అయినాడు. నేడు చేతిఫోను ద్వారా పక్షములు పంపు సందేశములకు వెనుకను ఇట్టి వర్గీకరణమే పనిచేయుచున్నది.

గడిలో పెట్టబడిన మనిషికి రెండు నష్టములు కలవు. మొదటిది, తన గడికి తగిన వాగ్దానమే అతని చెవిన పడును. పొరుగువానికి ఏమి చెప్పిరో తెలియదు. రెండవది, గడి లేని మనిషికి వాగ్దానమే ఉండదు. కాలువ చివరి రైతు, వలస కూలీ, చెంచు ఈ రెండవ తెగలో పడు అవకాశము మెండు. పద్దెనిమిదియేండ్లు నిండగానే వోటరులగు మన విద్యార్థులు ఇది ఎరిగి ఉండుట అవసరము.

అందులకు ఖరీదైన యంత్రములు అక్కరలేదు. ఉపాధ్యాయులు తరగతిలోనే ఈ ఆటను కట్టించవచ్చును. పిల్లలు మొదట తమ ఊరి బ్రతుకుతెరువులను వ్రాయవలెను: పత్తి విత్తనము పండించు రైతు, గద్వాల చీర నేయు సాలె, వలస కూలీ, పింఛను వృద్ధురాలు, పరీక్షలకు చదువు పట్టభద్రుడు, చెంచు గూడెపు తల్లి. ఒక్కొక్కరికి పది చింతగింజలు. నీరు, ధర, ఉద్యోగము, వైద్యము, బడి, బాట అను ఆరు గుంటలు. ఈ వ్యక్తి ఏ గుంటలో ఎన్ని గింజలు వేయునో విద్యార్థి ముందుగా ఊహించి వ్రాసికొనవలెను. పిమ్మట ఆ వృత్తిలో ఉన్న పెద్దలను కలసి వారి చేతనే గింజలు వేయించవలెను. ఏ పక్షమునకు వోటు వేయుదురని మాత్రము అడుగరాదు. ఆ రహస్యము వారిది, దానిని గౌరవించుటయు పాఠములో భాగమే. కాలువ మొదటి రైతును, చివరి రైతును వేరు వేరుగా అడుగవలెను. మరుసటి సంవత్సరము అదే మనుష్యులను మరల అడిగి రెండు పట్టికలను పోల్చవలెను.

విద్యార్థి ఊహించిన గింజలకును పెద్దలు వేసిన గింజలకును ఎన్నిచోట్ల తేడా వచ్చినదో లెక్కింపుడు. ఆ తేడాయే ఆ సంవత్సరపు పౌరశాస్త్ర పాఠము. ఏడవ గుంట కావలెనని ఏ వృద్ధురాలైన అడిగినచో, వెంటనే త్రవ్వి ఈయుడు. దానికి ఏమి పేరు పెట్టవలెనో ఆమెనే అడుగుడు.